కూలెంట్ మార్పిడి
కారు ఇంజన్‌ను చల్లబరిచే పాత ద్రవాన్ని తీసేసి కొత్తది నింపడాన్ని కూలెంట్ మార్పిడి అంటారు. ఈ ద్రవంలో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షార్ల్ అడాల్ఫ్ వుర్ట్జ్ 19వ శతాబ్ది మధ్యలో తయారుచేశాడు. డిస్టిల్డ్ వాటర్‌తో సమపాళ్లలో కలిపితే మిశ్రమం సుమారు −37° సెల్సియస్ వరకు గడ్డకట్టదు. మంచు ఎరుగని ప్రాంతాల్లోనూ దీని అవసరం తగ్గదు. మరుగు స్థానం పెరగడంతోపాటు తుప్పు పట్టకుండా రక్షణ లభిస్తుంది. తుప్పును ఆపే రసాయనాలు క్రమంగా క్షీణించడమే మార్పిడికి ముఖ్య కారణం.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీస్తారు. వేడిమీద తెరిస్తే ఒత్తిడిలో ఉన్న ద్రవం ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. అడుగున ఉన్న డ్రెయిన్ ప్లగ్ ద్వారా పాత ద్రవం పళ్లెంలోకి దిగుతుంది. కొత్తది నింపాక ఇంజన్ నడిపి, లోపల చిక్కిన గాలిని వెళ్లగొట్టి, మట్టం సరిచూస్తారు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యని విషం. పిల్లలకు, పెంపుడు జంతువులకు ప్రాణాంతకం. అందుచేత పాత ద్రవాన్ని కాలువలో పారబోయకుండా మూతగల డబ్బాలో భద్రపరచి, ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అప్పగించాలి.