అనుమతి అడగని ఆటలు

కంప్యూటర్ ఆటల చరిత్రలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఖరీదైన యంత్రం ముందు రాత్రంతా మేలుకుని యుద్ధాలు చేసేవాడు ఒకడు. అతనే అసలు ఆటగాడు. వంటకీ ఆఫీసుకీ పిల్లల హోంవర్కుకీ మధ్య చిక్కిన పది నిమిషాల్లో రంగురాళ్లు జత చేసుకునే ఆవిడ రెండో మనిషి. ఆవిడ ఆడేదానికి పరిశ్రమ పెట్టిన పేరు 'క్యాజువల్ గేమ్'. అంటే ఉబుసుపోక ఆడేది. వారపత్రికల్లో స్త్రీలు రాసిన నవలల్ని 'కాలక్షేపం రచనలు' అని పక్కకి నెట్టిన గొంతు మనకి కొత్త కాదు. ఈ పేరులో నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

ఈ ఆటల వెబ్‌సైట్లన్నీ ఒకప్పుడు ఒకే మాట పెద్దక్షరాల్లో ప్రకటించుకునేవి: 'డౌన్‌లోడ్ అక్కర్లేదు'. వాళ్లు దాన్ని సౌకర్యంగా చెప్పుకున్నారు. స్త్రీల వైపు నుంచి చూస్తే ఆ మాటకి ఇంకో అర్థం ఉంది. ఒక ఆటని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ముందు ఆ కంప్యూటర్ మీద మనకి అధికారం ఉండాలి. 2002 ప్రాంతంలో నేను పనిచేసిన కాలేజీలో మా డిపార్టుమెంటు మొత్తానికీ ఒకే కంప్యూటరు. అందులో ఏం ఎక్కించాలన్నా పైనుంచి అనుమతి కావాలి. ఇంట్లో కంప్యూటరు పేరుకి అందరిదీ. అందులో ఏముండాలో, ఏం తీసెయ్యాలో నిర్ణయించేది మాత్రం మావారూ, మా అబ్బాయీ. బ్రౌజర్లో ఆడే ఆటకి ఈ బాధ లేదు. పేజీ తెరిస్తే ఉంటుంది, మూసేస్తే పోతుంది. ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

ఆలోచిస్తే, ఆడవాళ్ల ఆటలు ముందు నుంచీ ఇలాంటివే. సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీసి, గవ్వలూ విరిగిన గాజుముక్కలూ పెట్టుకుంటే అష్టాచెమ్మా. పధ్నాలుగు గుంటలూ గుప్పెడు చింతగింజలూ ఉంటే వామనగుంటలు. పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్లి, మళ్లీ వచ్చి ఆగిన చోటి నుంచి ఆడుకోవచ్చు. అయ్యాక తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఆడిన గుర్తే ఉండదు. ముక్కలు ముక్కలుగా దొరికే తీరికకి సరిపోయే ఆటలవి. బ్రౌజర్ ఆట వాటికి వారసురాలని నేననను. కానీ రెండింటి వెనకా ఉన్న తీరిక ఒకటే.

సంగతులు వరుసగా చూద్దాం. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిన సాలిటేర్ పేకముక్కల బొమ్మలు గీసింది సూజన్ కేర్. లక్షల మందికి మౌస్ పట్టడం అలవాటు చేసిన ఆ ఆట తెర మీద ఒక స్త్రీ చేతిపని ఉందని ఎంతమందికి తెలుసు? 1996లో మాక్రోమీడియా సంస్థ చేతికి వచ్చిన ఒక బొమ్మల సాఫ్ట్‌వేరు 'ఫ్లాష్' అయింది. అది బొమ్మని చుక్కలు చుక్కలుగా కాక గీతల లెక్కలుగా దాచుకునేది. అందుకే ఫైళ్లు చిన్నవిగా ఉండేవి, ఫోన్‌లైను మీద నత్తనడక నడిచే ఇంటర్నెట్‌లో కూడా ఆటలు తెరుచుకునేవి. 1999లో పోగో, నియోపెట్స్ వచ్చాయి. పోగోలో పేకాటలూ పదాల ఆటలూ ఆడుతూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకోవచ్చు. నియోపెట్స్ స్థాపకులిద్దరిలో డోనా విలియమ్స్ ఒకరు. పెంపుడు జంతువుల పేజీలు అలంకరించుకోవడం కోసం ఎందరో ఆడపిల్లలు అక్కడ హెచ్.టి.ఎం.ఎల్. నేర్చుకున్నారు. 2001లో పాప్‌క్యాప్ వాళ్ల 'బిజువెల్డ్' మొదట బ్రౌజర్లోనే వచ్చింది. మూడు రాళ్లు వరసలో పెట్టే ఆటలు ఈనాడు ఫోన్లలో కోకొల్లలు. వాటి పుట్టింటి ఆనవాళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి.

స్త్రీలు వస్తున్నారని తెలియగానే మార్కెట్ తన పని తను చేసింది. ఆడపిల్లల కోసం విడిగా సైట్లు తెరిచి వాటిని బట్టలు తొడగడం, ముఖానికి రంగులు వెయ్యడం, కేకులు చెయ్యడంతో నింపింది. పెద్దవాళ్లకి 2004లో 'డైనర్ డ్యాష్' ఇచ్చింది. ఫ్లో అనే అమ్మాయి ఆఫీసు ఉద్యోగం విసుగొచ్చి మానేసి సొంతంగా హోటల్ పెట్టుకుంటుంది. ఆ తర్వాత ఆటంతా ఆమె ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పరుగెత్తడమే. అందరి కోపతాపాలూ కనిపెట్టాలి, ఎవరికీ ఆలస్యం కాకూడదు. పొద్దున్నుంచీ మనం చేసే చాకిరే మన విశ్రాంతి సమయంలో ఆటగా తిరిగొచ్చింది. ఇలాంటి ఆటల్ని స్త్రీవాద దృష్టితో చదివిన షిరా చెస్ 2017లో 'రెడీ ప్లేయర్ టూ' అనే పుస్తకం రాసింది. పరిశ్రమ 'ఆడ క్రీడాకారిణి' అనే ఒక మనిషిని ముందే ఊహించుకుని, ఆ కొలతలకి ఆటలు కుట్టిందని ఆమె వాదన.

ఆ కుట్టుపని అసలు రూపం 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లోకి వచ్చిన 'ఫార్మ్‌విల్'లో చూశాను. మా పిన్ని కూతురు ఆ ఏడే పెళ్లయి న్యూజెర్సీ వెళ్లింది. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేసిన పిల్ల. అక్కడ ఆమెది హెచ్-4 వీసా. భర్త ఉద్యోగం చేస్తుంటే వెంట వెళ్లిన భార్యకి ఇచ్చేది. దాని మీద ఉద్యోగం చేసే హక్కు లేదు. కొందరికైనా ఆ హక్కు దొరికింది 2015 మే నెలలో. ఈలోగా ఆ పిల్ల పొలం దున్నింది. "అక్కా, స్ట్రాబెర్రీలు నాలుగ్గంటల పంట. అలారం పెట్టుకోకపోతే ఎండిపోతాయి" అనేది ఫోన్లో. ఎందుకే ఇంత అవస్థ అంటే, "వీసా అడగని ఉద్యోగం ఇదొక్కటే కదక్కా" అంది. ఆ మాట నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పాత ఆట మనం లేచి వెళ్తే ఆగి ఉండేది. ఈ ఆట ఆగదు. మనం లేనప్పుడు ఎండిపోతుంది, పక్కవాళ్ల చేత గుర్తు చేయిస్తుంది, రానందుకు సిగ్గుపడేలా చేస్తుంది. నెలకి ఎనిమిది కోట్లకు పైగా జనం ఆడిన రోజులున్నాయి దానికి. తలుపు దగ్గర అనుమతి అడగని ఆట లోపలికి రానిచ్చి మన గడియారాన్నే పట్టుకుంది.

2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి మద్దతు ఆగింది. ఫార్మ్‌విల్ కూడా ఆ రోజే మూతపడింది. దానితో పాతికేళ్ల ఆటలు ఒక్కసారిగా తెరుచుకోని పేజీలయ్యాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబర్ నుంచి 'రఫుల్' అనే పరికరంతో కొన్నింటిని బ్రౌజర్లోనే ఆడనిస్తోంది. 'ఫ్లాష్‌పాయింట్' అనే స్వచ్ఛంద కృషి ఇంకా ఎన్నో ఆటల్ని కాపాడింది, కానీ దానికి డౌన్‌లోడ్ తప్పదు! ఏం దాచాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఇక్కడ కూడా ప్రశ్నే. ఆట ఫైలు దొరకవచ్చు. పోగోలో పేక కలుపుతూ ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకున్న కబుర్లు ఏ ఫైలులోనూ లేవు. గుర్తు మిగలకపోవడం ఒకనాడు మనకి రక్షణ. చరిత్ర రాయడానికి కూర్చున్నప్పుడు అదే నష్టం.

అయితే అనుమతి అడగని ఆ తలుపులోంచి స్త్రీలు ఆడడానికే కాదు, చేయడానికీ వచ్చారు. 2009లో క్రిస్ క్లిమాస్ తయారుచేసిన 'ట్వైన్' అనే ఉచిత సాధనంతో ప్రోగ్రామింగ్ రాకపోయినా కథని దారులు దారులుగా రాయవచ్చు. చివరికి వచ్చేది మామూలు వెబ్ పేజీ, ఏ బ్రౌజర్లోనైనా తెరుచుకుంటుంది. ఆనా ఆంత్రోపీ 2012లో రాసిన పుస్తకంలో ఆటలు చెయ్యడం కంపెనీల సొత్తు కాదని గట్టిగా వాదించింది. ఆ మరుసటి ఏడు జోయీ క్విన్ ట్వైన్‌తో చేసిన 'డిప్రెషన్ క్వెస్ట్' వచ్చింది. మనోవ్యాకులత లోపలి నుంచి ఎలా ఉంటుందో చెప్పే ఆట. అందులో కొన్ని ఎంపికలు కళ్లముందు కనిపిస్తూనే కొట్టేసి ఉంటాయి, నొక్కినా పనిచేయవు. 2014లో గేమర్‌గేట్ పేరుతో క్విన్ మీద జరిగిన దాడి, బెదిరింపులకి ఇల్లు వదిలి వెళ్లాల్సి రావడం ఈ చరిత్రలో నల్లటి పుట. ఉబుసుపోక ఆడుకున్నంత కాలం ఎవరికీ అభ్యంతరం లేదు. రాయడం మొదలుపెడితేనే వచ్చింది గొడవ.

2021 అక్టోబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చిన 'వర్డిల్' కథ కూడా చూడండి. జోష్ వార్డిల్ తన భాగస్వామి పలక్ షా కోసం చేసిన ఆట అని అందరూ ముచ్చటగా చెప్పుకున్నారు. దాదాపు 12,000 ఐదక్షరాల ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటే చూసి, ఆడదగినవి దాదాపు 2,500 ఏరినది ఆమె. ఆ ఏరివేత లేకపోతే ఎవరూ వినని మాటలతో ఆట విసుగెత్తేది. అయినా ఆమె కథలో కానుక అందుకున్న మనిషిగానే మిగిలింది. రోజుకి ఒకటే పదం, ఖాతా అక్కర్లేదు, ప్రకటనలు లేవు: 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేదాకా అది అలాగే ఉంది.

మంచి ఆటల సైటు ఏదని నా విద్యార్థినులు అడుగుతుంటారు. నేను కొన్ని ప్రశ్నలు చెబుతాను. మధ్యలో లేచి వెళ్తే ఆగుతుందా, శిక్షిస్తుందా? రేపు రాకపోతే ఏమైనా పోతుందా? ఆడే ముందు పేరూ ఫోను నంబరూ ఎందుకు అడుగుతోంది? ప్రకటనలు లేకుండా, చందాలతో, ఖాతా లేకున్నా చదరంగం ఆడనిచ్చే లీచెస్ ఉంది. చిన్న చిన్న సృష్టికర్తల ఆటలు బ్రౌజర్లోనే దొరికే ఇచ్.ఐఓ ఉంది. వెతకాల్సినవి ఇలాంటివి.

ఇంకొక మాట రాసేవాళ్లకి. ట్వైన్‌లో తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. పెళ్లిచూపుల గదిలో కూర్చున్న అమ్మాయి ముందు ఎన్ని దారులుంటాయో, అందులో ఎన్ని కొట్టేసి ఉంటాయో మనకన్నా బాగా ఎవరు రాయగలరు?