డాష్‌బోర్డు మీది పసుపు దీపం – దాని పూర్వాపరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గంవారు అడిగినప్పుడు సర్వీసు జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. కాని మొన్న మాఘమాసంలో మా కుటుంబానికి తప్పిన గండం ఒకటి గుర్తుకువచ్చి, దానితో సంబంధమున్న ఒక చిన్న దీపం చరిత్ర రాయడమే మేలనిపించింది. మనలో చాలామందిమి ఇప్పుడు పిల్లల కార్లలో తిరుగుతున్నవాళ్లమే కదా.

నేను ఆఫీసులో జీపుల లాగ్‌బుక్కులు చూసే సీట్లో కొన్నేళ్లు పనిచేశాను. ఆ రోజుల్లో టైర్లో గాలి ఉన్నదీ లేనిదీ డ్రైవరు కాలితో ఒక్క తాపు తన్ని చెప్పేవాడు. లారీ క్లీనరైతే ఇనుపరాడ్డుతో కొట్టి, చప్పుడు విని చెప్పేవాడు. ఇప్పటి కారు ఆ పని తానే చేసుకుంటుంది. గాలి తగ్గితే డ్రైవరు ఎదుట గుర్రపు నాడా ఆకారంలో, మధ్యన ఆశ్చర్యార్థకం గుర్తుతో పసుపు దీపం వెలుగుతుంది.

గాలి టైరుకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందాడు. అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ దాన్ని మళ్లీ కనిపెట్టి లోకానికి అలవాటు చేశాడు. ఆ తరువాత దాదాపు వందేళ్లు, నడుస్తున్న కారులో టైరు లోపలి సంగతి నడిపేవాడికి తెలిసే మార్గం లేదు. 1986లో పోర్షే 959 అనే ఖరీదైన కారులో ఆ ఏర్పాటు వచ్చింది. అయితే అది సామాన్యుల కార్లలోకి రావడానికి ఎందరో ప్రాణాలు పోవలసి వచ్చింది.

2000 సంవత్సరంలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలు వేగంగా వెళుతుండగా ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి పల్టీలు కొట్టిన సంఘటనలు బయటపడ్డాయి. ఆ ఆగస్టులో సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. మృతుల సంఖ్య చివరకు 200 దాటింది. టైరులోనే లోపమని ఫోర్డ్ వారు, బండిలో లోపమని, పైగా 26 పౌండ్ల గాలి చాలునని ఫోర్డ్ చెప్పడం తప్పని టైరు కంపెనీవారు వాదులాడుకున్నారు. ప్రభుత్వ విచారణలో టైరు లోపం రుజువైంది. గాలి తక్కువైన టైరు ఎక్కువగా నలిగి వేడెక్కుతుందన్న సంగతి కూడా జనానికి బాగా తెలిసివచ్చింది. 2000 నవంబరు 1న అధ్యక్షుడు క్లింటన్ సంతకంతో ట్రెడ్ చట్టం వచ్చింది. కొత్త వాహనాల్లో గాలి హెచ్చరిక దీపం ఉండాలన్నది అందులో ఒక అంశం.

చట్టం రావడం ఒక ఎత్తు, రూల్సు రావడం మరో ఎత్తు అని మనకు వేరే చెప్పనక్కరలేదు. 2002లో వచ్చిన నిబంధన, ఒక్క టైరు తగ్గితే చెప్పి, అన్నీ కలిసి తగ్గితే చెప్పలేని పద్ధతినీ అనుమతించింది. వినియోగదారుల సంఘాలు కోర్టుకెక్కాయి. 2003లో కోర్టు దాన్ని కొట్టివేసింది. 2005లో కొత్త నిబంధన వచ్చింది. నిర్ణీత గాలిలో నాలుగో వంతు తగ్గితే, ఒక్క టైరైనా నాలుగైనా, దీపం వెలగాలి. 2007 సెప్టెంబరు 1 నుంచి అక్కడ తయారైన కొత్త కార్లన్నింటికీ అది వర్తించింది. యూరపులో 2014 నవంబరు నుంచి అమ్మే కొత్త కార్లన్నింటికీ ఇటువంటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దేశంలో 2020లో, ఈ ఏర్పాటూ పంక్చరు కిట్టూ ఉంటే చిన్న కార్లు స్టెప్నీ లేకుండా రావచ్చునని అనుమతించారు. కనుక దీపం మాట మనకు మరింత ముఖ్యమైంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి, చక్రం లోపల వాల్వు దగ్గర బ్యాటరీతో పనిచేసే సెన్సారు రేడియో ద్వారా లెక్క పంపేది. రెండోది, చక్రాల వేగాన్ని పోల్చి చూసేది. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, ఎక్కువసార్లు తిరుగుతుంది. ఈ రెండో రకంలో గాలి సరిగా పట్టించి రీసెట్ చేయాలి. తక్కువ గాలితో రీసెట్ చేస్తే ఓపెనింగ్ బ్యాలెన్సు తప్పు రాసిన క్యాష్‌బుక్కే. ఆ తరువాత లెక్కంతా తప్పే.

అసలు మెలిక ఇక్కడే ఉంది. దీపం ఆరకుండా వెలిగితే గాలి తక్కువని. బండి స్టార్టు చేయగానే ఒక నిమిషం, నిమిషమున్నర మిణుకుమిణుకుమని, ఆపైన నిలకడగా వెలిగితే ఏర్పాటే పాడైందని. 2005 నిబంధనలోనే ఈ తేడా పెట్టారు. మన కార్లలోనూ చాలావాటిలో ఇదే వాడుక. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినట్టే సెన్సారు కూడా తన ఉనికి తెలియజేస్తుండాలి. అది అందకపోతే మిణుకు మొదలవుతుంది. బ్యాటరీ అయిపోవడం (అయిదు నుంచి పదేళ్లు వస్తుంది), టైరు విప్పేటప్పుడు సెన్సారు విరగడం, కొత్త సెన్సారు నంబరు కారుకు నమోదు చేయించకపోవడం, సెన్సారు లేని స్టెప్నీ బిగించడం – ఇవీ సాధారణ కారణాలు. చలికాలం తెల్లవారుజామున వెలిగి, కాస్త దూరం పోయాక ఆరితే మాత్రం రోగం కాదు. చలికి గాలి ఒత్తిడి తగ్గింది. అయినా గేజితో చూసి, తక్కువుంటే పట్టించాలి.

ఇక మా సంగతి. మా అల్లుడి కారుకు టైర్లు మార్పించిన దగ్గర్నుంచి ఆ దీపం మిణుకుతూ, తరువాత వెలుగుతూ ఉండేది. "మావయ్యగారూ, అది సెన్సారు కంప్లయింటులెండి, గాలి బాగానే ఉంది" అనేవాడు. అతను అన్నది నిజమే. పెళ్లికని హైదరాబాదు నుంచి విజయవాడ బయలుదేరాం. కోదాడ దాటాక టీకి ఆగినప్పుడు, పాత అలవాటుకొద్దీ నేను టైర్లు చూస్తూ తిరిగాను. వెనక ఎడమ టైరు వాలిపోయి ఉంది. పక్క చేత్తో తాకితే కాలింది. పంక్చరు షాపతను మేకు తీసి చూపించాడు. 33 పౌండ్లకు 14 ఉన్నాయి. ఆ వైపు సీట్లో మా మనవరాలు నిద్రపోతోంది.

దీపం ఎందుకు చెప్పలేదు? ముందే వెలిగి ఉన్న దీపం మళ్లీ ఎలా వెలుగుతుంది? తిరిగి వచ్చాక చూపిస్తే తేలిందేమంటే, టైర్లు మార్చినచోట ముందు చక్రం సెన్సారు విరిగితే, మాకు చెప్పకుండా మామూలు రబ్బరు వాల్వు బిగించారట. ఒక చక్రం నుంచి జాబు రాకపోవడంతో వెలిగిన దీపం, ఇంకో చక్రం మొరను కప్పేసింది.

అందుచేత నా మనవి ఇది. మిణికే దీపాన్ని "అది అంతే" అని వదలకండి, బాగుచేయించండి. టైరు మార్పించాక సెన్సార్లు నాలుగూ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూపించుకోండి. నెలకొకసారి పొద్దున్నే, బండి కదలకముందే, డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీద ఉన్న అంకె ప్రకారం గేజితో చూడండి. పిల్లలకు తీరిక లేకపోవచ్చు. మనకుంది. కారు నడపకపోయినా, దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసే ఉద్యోగం మనం చేయవచ్చు.