'ఈ కాలమ్ తప్పనిసరి' అని ఫారం ఆగిపోయిందా? ఎర్రర్ మెసేజ్ ఎలా ఉండాలి, మీరేం చేయాలి?

స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు. గద్వాలలో ఉన్న తమ్ముడి కోసం అక్క హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్‌లో ఫారం నింపింది. 'సబ్మిట్' నొక్కగానే పైన ఎర్రటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం: 'తప్పనిసరి వివరాలు నింపండి'. నలభై కాలమ్‌లలో ఏది మిగిలింది? అందులో ఏం రాయాలి? ఆ సంగతి చెప్పదు.

ఈ అనుభవం ఎదురుకానివారు అరుదు. తప్పు మనదేనేమో అనుకుని మళ్లీ మొదటి నుంచి నింపుతాం. చాలాసార్లు లోపం ఉండేది ఆ మెసేజ్‌లోనే. దాన్ని సరిచేయడం పెద్ద పని కూడా కాదు.

ఆ మెసేజ్ ఎవరు రాస్తారు?

చాలా ఫారాలకు ఎవరూ రాయరు. వెబ్ పేజీలో ఒక కాలమ్‌కు 'రిక్వైర్డ్' అని గుర్తు పెడితే చాలు, అది ఖాళీగా ఉన్నప్పుడు బ్రౌజరే తన సొంత మెసేజ్ చూపిస్తుంది. అది కూడా ఫారం ఉన్న భాషలో కాకుండా బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఉన్న భాషలో వస్తుంది. అందుకే తెలుగు ఫారంలో ఒక్కసారిగా ఇంగ్లిష్ మెసేజ్ కనిపిస్తుంటుంది.

పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తీరు. జావాతో తయారైన చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఖాళీ కాలమ్‌కు ముందే ఉండే మెసేజ్ 'మస్ట్ నాట్ బి నల్'. ఇది ప్రోగ్రామర్‌కు తప్ప మరొకరికి అర్థం కాదు. మార్చకుండా వదిలేస్తే అదే దరఖాస్తుదారు ముందుకు వస్తుంది.

మార్చడం కష్టమా?

కాదు. సాధారణంగా ఈ వాక్యాలన్నీ ప్రోగ్రాంతో సంబంధం లేకుండా విడిగా ఒక ఫైల్‌లో ఉంటాయి. ఇంగ్లిష్‌కు ఒకటి, తెలుగుకు ఒకటి, ఉర్దూకు ఒకటి పెట్టుకోవచ్చు. ప్రోగ్రాం తర్కాన్ని ముట్టుకోకుండా అందులోని వాక్యం మారిస్తే సరిపోతుంది. అయితే ఒక్కో కాలమ్‌కు ఒక్కో మెసేజ్ రాయాలి. ఖాళీగా వదిలినప్పుడు ఒకటి, తప్పుగా నింపినప్పుడు మరొకటి ఉండాలి. ఇది సాఫ్ట్‌వేర్ కంపెనీ ఒక్కటే చేయగలిగే పని కాదు. జనం ఎక్కడ తడబడతారో తెలిసిన కౌంటర్ సిబ్బంది కూడా పక్కన కూర్చోవాలి.

గద్వాల ఎక్కడుంది? 'జ' దగ్గర వెతకండి

స్థానిక సంగతులు తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి పాలమూరు మంచి ఉదాహరణ. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయాయి. రాజోలి, ఉండవెల్లి, చిన్నంబావి, శ్రీరంగాపూర్, పదర, చారకొండ లాంటి కొత్త మండలాలూ వచ్చాయి.

అంటే అంతకుముందు తీసుకుని మార్చుకోని ఆధార్‌లో, పాత సర్టిఫికెట్లలో మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉంటుంది. 2014కు ముందువైతే రాష్ట్రం పేరు ఆంధ్రప్రదేశ్. ఇప్పుడు ఫారంలో 'జిల్లా' తప్పనిసరి. కార్డులో ఉన్నది రాయాలా, ఇప్పుడున్నది రాయాలా? జాబితాలో 'గ' దగ్గర గద్వాల కనిపించదు, ఎందుకంటే జిల్లా అధికారిక పేరు 'జోగులాంబ గద్వాల'. కనిపించలేదని మహబూబ్‌నగర్ ఎంచుకుంటే, తర్వాతి కాలమ్‌లో మన మండలం దొరకదు.

ఇలాంటి చోట 'జిల్లా తప్పనిసరి' అంటే ఏం ఉపయోగం? 'మీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అది ఎంచుకోండి. గద్వాల వారు జోగులాంబ గద్వాల అని చూడండి' అంటే పని అయిపోతుంది. పాత జిల్లా పేరున్న కార్డును ఆ శాఖ అంగీకరిస్తుందో లేదో కూడా అక్కడే చెప్పాలి.

మంచి మెసేజ్ ఎలా ఉంటుంది?

ఏ కాలమ్, ఏం తప్పు, ఎలా సరిదిద్దాలి. ఈ మూడూ చెప్పాలి. కొన్ని ఉదాహరణలు:

• 'ఐఎఫ్ఎస్‌సీ చెల్లదు' అనడం కంటే: 'ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు ఉండాలి. అయిదోది సున్నా, ఇంగ్లిష్ ఓ అక్షరం కాదు. మీ బ్యాంకు మరో బ్యాంకులో కలిసి ఉంటే కొత్త కోడ్ రాయండి.' స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంక్‌లో కలిశాయి. పాత పాస్‌బుక్ చూసి నింపేవారు ఇక్కడే ఆగిపోతారు.

• 'ఆధార్ తప్పు' అనడం కంటే: '12 అంకెలు ఉండాలి, మీరు 11 రాశారు.' అంకెలు సరిపోయినా చివరి అంకె మిగతా వాటితో లెక్క కుదరాలి. కుదరకపోతే 'ఏదో ఒక అంకె తారుమారైంది, కార్డు చూసి సరిచేయండి' అనాలి.

• 'లాస్ట్ నేమ్ నింపండి' అనడం కంటే: 'ఇక్కడ ఇంటి పేరు పూర్తిగా రాయండి, పొడి అక్షరాలు వద్దు.' మనం ఇంటి పేరు ముందు రాస్తాం కాబట్టి 'లాస్ట్' అనగానే గందరగోళం. పాన్ దరఖాస్తులో ఈ కాలమ్ ఖాళీగా వదలకూడదు. ఒకే పేరు ఉన్నవారు ఆ పేరునే అక్కడ రాయాలి.

చెడ్డ మెసేజ్ వల్ల అసలు నష్టం ఏమిటి?

జనం ఆగిపోవడం ఒక నష్టం. ఆగకుండా ఏదో ఒకటి రాసి ముందుకు పోవడం అంతకంటే పెద్ద నష్టం. ఒక చుక్క పెడతారు, నాలుగు సున్నాలు కొడతారు. ఫారం ఒప్పుకుంటుంది, కంప్యూటర్‌లో అబద్ధం చేరుతుంది.

అన్నిటికంటే ప్రమాదం మొబైల్ నంబర్ కాలమ్. ఫోన్ లేని పెద్దామెకు కూడా అది తప్పనిసరే. ఇంటర్నెట్ సెంటర్ అతను తన నంబర్ వేస్తాడు. ఆ రోజు పని అవుతుంది. ఆ తర్వాత ఓటీపీలు, 'ఫలానా పత్రం ఇవ్వండి' అన్న ఎస్ఎంఎస్‌లు అన్నీ అతనికే వెళ్తాయి. దరఖాస్తు ఎందుకు ఆగిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు. 'ఫోన్ లేకపోతే కుటుంబంలో ఒకరి నంబర్ ఇవ్వండి. సమాచారం అంతా దానికే వస్తుంది' అన్న ఒక్క మాట ఆమెను కాపాడేది. కొన్ని కాలమ్‌ల విషయంలో అయితే అసలు తప్పనిసరి చేయాలా అనే ఆలోచించాలి.

నిబంధనలు ఏమంటున్నాయి?

వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, తప్పు ఏ కాలమ్‌లో ఉందో అక్షరాల్లో చెప్పాలి. ఎలా దిద్దాలో తెలిస్తే అదీ సూచించాలి. ఎర్ర రంగు ఒక్కటే సరిపోదు, చూపు లేనివారికి స్క్రీన్ చదివి వినిపించేది అక్షరాలనే. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు జీఐజీడబ్ల్యూ కూడా ఈ ప్రమాణాలనే అనుసరిస్తాయి. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఫారం ఆగితే మీరేం చేయాలి?

1. పేజీ మూసేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తేదీ, సమయం కనిపించేలా.

2. పై నుంచి కిందికి స్టార్ గుర్తున్న ప్రతి కాలమ్ చూడండి. కాపీ చేసి పేస్ట్ చేసినప్పుడు వెనక ఖాళీ జాగా చేరి ఉండొచ్చు, తీసేయండి.

3. ఇంగ్లిష్‌లో నింపాల్సిన కాలమ్‌లో కీబోర్డ్ తెలుగులో ఉందేమో చూసుకోండి.

4. తెలియని కాలమ్‌లో చుక్కలు, సున్నాలు పెట్టకండి. వేరొకరి ఫోన్ నంబర్ ఇవ్వకండి.

5. అప్పటికీ కుదరకపోతే స్క్రీన్‌షాట్‌తో సంబంధిత శాఖ హెల్ప్‌లైన్‌కు రాయండి. ఆధార్ విషయమైతే 1947కు ఫోన్ చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు లోపలే ప్రయత్నించారనడానికి ఆ కాగితం మీ దగ్గరుండాలి.

ఫిర్యాదులో 'సైట్ పనిచేయడం లేదు' అని రాయకండి. 'ఫలానా కాలమ్‌లో ఇది రాశాను, ఈ మెసేజ్ వచ్చింది, ఏం రాయాలో అందులో లేదు' అని రాయండి. ఆ వాక్యం మారితే మీ తర్వాత వచ్చేవారు అక్కడ ఆగరు.