బడి గుమ్మం ముందు దళిత తల్లిదండ్రులు

దళితుల పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారు? ఈ ప్రశ్నకి అధికారుల కాగితాల్లో తరతరాలుగా ఒకే జవాబు తిరుగుతోంది. తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు, వాళ్లకి చదువు విలువ తెలియదు. వలస పాలనలో అన్నదీ ఇదే, స్వతంత్రం వచ్చాక అన్నదీ ఇదే. ఇప్పటికీ స్టాఫు రూముల్లో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. మన విద్యా చరిత్రల్లో ప్రభుత్వాలున్నాయి, మిషనరీలున్నారు, సంస్కర్తలున్నారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని బడి దాకా వచ్చి, గుమ్మం బయటే నిలబడిపోయిన అమ్మా నాయనా మాత్రం లేరు. వాళ్లు నిలబడ్డ చోటు నుంచి చూస్తే ఈ 'అశ్రద్ధ' అన్న మాట ఎవరు రాశారో, అది ఎవరికి పనికొచ్చిందో తేలుతుంది. ఈ వ్యాసంలో మేము చేస్తున్న ప్రయత్నం అదే.

సర్కారు బడి ఎవరి వాకిట్లో ఉంది?

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం నుంచి మొదలుపెడదాం. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. 1893లో పంచముల చదువు కోసం ప్రభుత్వం ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. పంచమ బళ్లు అన్న మాట అప్పటి నుంచీ వాడుకలో కొచ్చింది. కాగితం మీద చూస్తే ప్రజల డబ్బుతో నడిచే బడి అందరిదీ. కానీ 1919లో విచారిస్తే అసలు సంగతి బయటపడింది. రాష్ట్రంలో ప్రభుత్వ, స్థానిక సంస్థల ఆధ్వర్యంలో ఉన్న 8,157 బళ్లలో పంచముల పిల్లల్ని చేర్చుకున్నవి 609 మాత్రమే. అంటే నూటికి ఎనిమిది కూడా లేవు.

ఎందుకు? బడి అగ్రహారంలో ఉంది. కాకపోతే గుడి మండపంలో ఉంది. అదీ కాకపోతే ఊళ్లో పెద్ద కులపాయన అద్దెకిచ్చిన ఇంట్లో ఉంది. మాలపల్లె వాళ్లూ మాదిగ్గూడెం వాళ్లూ అడుగుపెట్టకూడని వీధిలో బడి పెట్టి, వాళ్లు బడికి రావట్లేదని రాసుకున్నారు. తెగించి ఎవరన్నా పిల్లాణ్ణి తీసుకుపోతే ఊరి వాళ్లు తమ పిల్లల్ని మానిపించేస్తామనేవాళ్లు. ఆ బెదిరింపుకి బడి నడిపేవాళ్లు లొంగిపోయేవాళ్లు. మిగిలిన ఏడున్నర వేల బళ్ల బయట ఎంతమంది తల్లిదండ్రులు అడిగి వెనక్కి తిరిగారో ఏ రికార్డూ లెక్కపెట్టలేదు. లోపలికి రానివ్వకపోవడానికి అంకె ఉంది, అడిగినందుకు అంకె లేదు. మన చరిత్ర రచనలో మొదటి ఖాళీ ఇక్కడే ఉంది.

1920 నుంచి లేబర్ శాఖ దళితవాడల్లో విడిగా బళ్లు పెట్టడం మొదలుపెట్టింది. వీటికి రెండు ముఖాలున్నాయి. పల్లెలోకి అక్షరం వచ్చింది, నిజమే. ఊరి బడి తలుపు తెరవాల్సిన పని మాత్రం ఊరికి తప్పిపోయింది.

తల్లిదండ్రులు చేతులు కట్టుకుని కూర్చోలేదు

చదువు మీద శ్రద్ధ లేని జనమే అయితే, దారి దొరికిన చోటల్లా అంతమంది ఎందుకు కదిలారు? 1876-78 కరువు కాలంలో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టుకి తీసుకుని కూలీలకి పని చూపించాడు. కరువు పోయాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. దీన్ని 'గంజి కోసం మతం' అని తేల్చేసిన వాళ్లున్నారు. ఆ తర్వాత గూడేల్లో లేచిన పూరిపాకల సంగతి వాళ్లు చెప్పరు. పొద్దున బడి, ఆదివారం ప్రార్థన, రెండూ ఆ పాకలోనే. తన కులం పంతులు తన వాడలో కూర్చుని చదువు చెప్పడం ఆ తల్లిదండ్రులు కళ్లతో చూశారు. పంతులు ముందు పిల్లలు కింద కూర్చున్నా అందరూ ఒకే నేల మీద కూర్చున్నారు. ఇది చిన్న విషయం కాదు.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. సర్కారు బళ్లలో ఉర్దూ మాధ్యమం, పల్లెల్లో వెట్టి. తండ్రికి వెట్టి తప్పనప్పుడు కొడుకుకీ తప్పదు. అలాంటి రోజుల్లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి ఇసామియా బజారు, లింగంపల్లి లాంటి చోట్ల దళిత పిల్లలకి తెలుగులో చదువు చెప్పే బళ్లు నడిపించాడు. 1930లలో నిజాం ప్రభుత్వం ఈ బళ్లని తన చేతిలోకి తీసుకునేనాటికి అవి 26 అయ్యాయి. పిల్లలు 2,500 మంది. ఈ చరిత్రని మనం నాయకుడి పేరుతోనే చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ 2,500 మంది పిల్లలంటే వాళ్ల వెనక అమ్మలూ నాయనలూ ఉన్నారు. పిల్లాడి సంపాదన వదులుకుని పలక చేతికిచ్చిన మనుషులు వాళ్లు.

రిజిస్టర్లో ఏం పడింది?

1950లో రాజ్యాంగం వచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 45వ అధికరణం పదేళ్లలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పింది. అంటే 1960 గడువు. ఊరి బడి తలుపు చట్టం ప్రకారం తెరుచుకుంది. తెరుచుకున్న తలుపు దగ్గర ఏం జరిగిందో మా ఇంటి నుంచే చెబుతాం. ఇది మా ఒక్కరి ఇంటి కథ కాదు కనకనే చెబుతున్నాం.

1960ల చివర్లో మా తాత మా నాయనని బళ్లో వెయ్యడానికి తీసుకుపోయాడు. భుజం మీద కండువా తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు బయటే వదిలి, వాకిట్లో నిలబడ్డాడు. 'ఎప్పుడు పుట్టాడ్రా?' అని అడిగాడు పంతులు. 'చెరువు తెగిన ఏడు అయ్యోరూ, జొన్న కోతలప్పుడు' అన్నాడు తాత. పంతులు జులై 1 అని రాసుకున్నాడు. ఆ రిజిస్టర్ని మేము తర్వాత చూశాం. ఆ పేజీలో పల్లె పిల్లలు చాలామంది జులై 1నే పుట్టారు. ఊరి ఆసాముల పిల్లలకి మాత్రం ఎవరి తేదీ వాళ్లకుంది. మా తాత దగ్గర కాలం లేకపోలేదు. ఆయన కాలం వేరే గుర్తులతో నడిచింది. దాన్ని రాసుకునే గడి రిజిస్టర్లో లేదు.

తేదీ కన్నా పెద్ద చిక్కు పేరు దగ్గర వచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్ని మాత్రమే షెడ్యూల్డు కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మాలమాదిగ క్రైస్తవులు మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల జాబితాలో బి.సి.-సి గా మిగిలారు. కాబట్టి బళ్లో రాయించే పేరూ మతమే రేపు స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు, ఉద్యోగం అన్నిటికీ ఆధారం అయ్యాయి. ప్రార్థనలో ఒక పేరు, హాజరు పట్టీలో ఇంకో పేరు. ఇంట్లో పిలిచే ఏసుదాసు బళ్లో వెంకటేశ్వర్లయ్యాడు. అక్షరం ముక్క రాని తండ్రి, పంతులు ముందు నిలబడి ఒక్క నిమిషంలో ఈ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. చదువు విలువ తెలియని మనిషి దేవుడి పేరుని కూడా పక్కన పెట్టి కొడుకు సీటు కోసం ఆలోచిస్తాడా?

పనుల కాలమూ బడి కాలమూ

బడి జూన్లో తెరుస్తారు. మృగశిర కార్తె కూడా అప్పుడే. తొలకరి పడితే ఇంటిల్లిపాదీ పొలంలో ఉండాలి. పిల్లల పరీక్షలు దగ్గరపడే రోజుల్లో గుంటూరు వైపు మిరపకోతలు. పాలమూరు నుంచి వలసపోయే కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుపోవాల్సిందే. ఆసామి దగ్గర తెచ్చిన అప్పుకి పెద్దాడు పాలేరయితే, చిన్నాడు గొడ్ల దగ్గర చిన్న పాలేరు. తర్వాతి కాలంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లోకి బడి ఈడు ఆడపిల్లలే ఎక్కువగా పోయారు. వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వుకి పువ్వు అద్దే పనికి పనికొస్తారని. కూలి రేటు పెంచమంటే పెంచని రైతే పిల్లల్ని పనిలోకి పంపినందుకు తల్లిని తప్పుపట్టడం మనం చూశాం.

ఆ తల్లి ఏమనుకుంటుందో ఒక సంగతి చెబుతాం. 1990లలో మా అన్న పల్లెలో ఉన్న ఏకోపాధ్యాయ బళ్లో మూడో తరగతి. సారు టౌను నుంచి పదకొండు గంటల బస్సుకి వచ్చేవాడు, మూడింటికి పోయేవాడు. చదువు రాని మా అమ్మ ఒకరోజు రేషన్ కార్డు తీసి అన్నని చదవమంది. వాడు చదవలేకపోయాడు. మర్నాడు కూలి మానుకుని బడికి పోయింది.

'మావోడికి అచ్చరాలే రాలా సారూ, మూడో తరగతికి ఎట్టా పంపిచ్చారు?'

'ఇంటికాడ మీరు కూడా చదివించుకోవాలమ్మా.'

'మాకే వొస్తే మీ దగ్గరికెందుకు పంపుతాం సారూ?'

దానికి సారు జవాబు చెప్పలేదు. అన్న ఐదో తరగతిలో మానేశాడు. అడ్మిషన్ రిజిస్టర్లో మానేసిన కారణం అన్న గడిలో 'తల్లిదండ్రుల అశ్రద్ధ' అని ఉంది. ఒకరోజు కూలి పోగొట్టుకుని బడికొచ్చి అడిగిన మనిషి గురించి రాసిన మాట అది. ఆమె అడిగిన ప్రశ్న ఏ గడిలోనూ లేదు. పరిశోధకులు ఇలాంటి గడుల్నే కూడి శాతాలు కడతారు. మేమూ యూనివర్సిటీలో ఆ శాతాలే చదివి పరీక్షలు రాశాం.

వేలిముద్ర నుంచి అభిప్రాయం దాకా

ఈ నింద నిలబడదని పనిలో చూపించిన వాళ్లూ ఉన్నారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ జీతాల్లో ఉన్న పిల్లల్ని విడిపించి బళ్లలో చేర్పించింది. పేదరికం పోయాకే బడి అన్న వాదాన్ని ఆ పని ప్రశ్నించింది. అడిగేవాళ్లూ, బడిలో నిలబెట్టేవాళ్లూ ఉంటే పేద తల్లిదండ్రులు పిల్లల్ని పంపిస్తారని తేలింది.

చట్టాలూ వచ్చాయి. 1998లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం చట్టం చేసి తల్లిదండ్రులతో కమిటీలు పెట్టించింది. 2009 విద్యా హక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, అణగారిన వర్గాల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటివ్వాలంది. మంచిదే. కానీ మా పల్లెలో కమిటీ సభ్యురాలైన కూలి తల్లి దగ్గరికి తీర్మానాల పుస్తకమే పొలానికి వచ్చింది. వేలిముద్ర తీసుకుని పోయింది. గుమ్మం బయట నిలబడే రోజుకీ దీనికీ తేడా ఎంత?

మధ్యాహ్న భోజనం ఈ గుమ్మం సంగతినే వంటగదిలోకి తెచ్చింది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో అమలైంది. 2004 ఏప్రిల్ ఉత్తర్వులో వంటవాళ్ల నియామకంలో దళితులకి ప్రాధాన్యం ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. దళిత స్త్రీ వండితే మా పిల్లలు తినరని పేచీ పెట్టిందీ తల్లిదండ్రులే. 'తల్లిదండ్రులు' అన్న మాటకి కులం లేదనుకుంటే ఈ పేచీ అర్థం కాదు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మాధ్యమం కోసం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పుడు ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకుంది. 96 శాతానికి పైగా ఇంగ్లీషే కోరారని ప్రకటించింది. తమ పిల్లల్ని ఎప్పుడో కాన్వెంట్లకి పంపిన వాళ్లు చాలామంది ఈ తల్లిదండ్రులకి మాతృభాష మీద ప్రేమ లేదన్నారు. ఒకప్పుడు చదువు మీద శ్రద్ధ లేదన్నారు, ఇప్పుడు భాష మీద ప్రేమ లేదంటున్నారు. మాతృభాషలో చదువు మంచిదా కాదా అన్నది చర్చించాల్సిన విషయమే. ఆ చర్చలో కూలి తల్లి మాటకి ఒక ఓటు విలువైనా ఇచ్చాకే చర్చించాలి. ఆ మరుసటి మలుపులోనే, 2022లో, 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు పల్లెల్లో తల్లిదండ్రులు బడి గేట్ల దగ్గర ధర్నాలు చేశారు. చిన్న పిల్లలు రోడ్లు దాటి అంత దూరం ఎట్లా పోతారని అడిగారు. ఒకప్పుడు లోపలికి రానివ్వని బడిని ఇప్పుడు తీసుకుపోవద్దని అడ్డం నిలబడింది ఎక్కువగా దళిత బహుజనులే. మిగతావాళ్లు అప్పటికే ఆ బడి వదిలి పోయారు.

ఇక చెయ్యాల్సిన పని

ఈ చరిత్ర రాయడానికి ఆర్కైవ్స్ ఒక్కటే చాలదు. కార్యకర్తలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ ఊళ్లోనే మొదలుపెట్టవచ్చు. బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లు చెదలు పట్టకముందే చూడండి. ఎవరెవరికి ఒకే పుట్టినతేదీ పడింది, మానేసిన కారణం గడిలో ఏం రాశారు, నకలు తీసుకోండి. పల్లె బడికి జాగా ఎవరిచ్చారు, పాక ఎవరు కప్పారు, పంతులుకి గింజలు ఎవరు కొలిచారు, ముసలివాళ్లని అడగండి. అడిగేటప్పుడు 'ఎందుకు చదివించలేదు' అని మొదలుపెట్టకండి. 'బడికి పోయినప్పుడు ఏమన్నారు' అని అడగండి. ముఖ్యంగా తల్లుల్ని అడగండి. ఉపాధ్యాయులకి ఇంకొక మాట. ఈసారి ఆ గడిలో కారణం రాసేముందు ఆ ఇంటికి వెళ్లి రండి.

మా అమ్మ అడిగిన ప్రశ్నకి ముప్పై ఏళ్లవుతున్నా జవాబు రాలేదు. మా అన్న ఇప్పుడు తన కూతుర్ని అదే బడికి పంపుతున్నాడు. సాయంత్రం దాని పుస్తకం తీసి ముందు పెట్టుకుంటాడు. చదవలేడు కనక దాని చేత పైకి చదివించి వింటాడు.