చెవితో చూసిన సినిమాలు

షోలాపూర్ పూర్వభాగ్ పేటల్లో సినిమా చూసే పద్ధతే వేరు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. కళ్ళు ఆకు మీద, చేతులు ఆకు మీద, చెవులు మాత్రం టీవీ మీద. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. మంచి సీను వచ్చిందని చెయ్యి ఆపితే ఆ నష్టం చుట్టేవాళ్ళదే. అందుకే మన ఇళ్ళలో ఆడవాళ్ళు నలభై ఏళ్ళుగా సినిమాలు చూసింది తక్కువ, విన్నది ఎక్కువ.

ఈమధ్య వచ్చినవాటిలో ఇంట్లో చూడదగ్గ తెలుగు సినిమాలు ఏవని సంఘం మిత్రులు తరచూ అడుగుతుంటారు. పేర్లు చెప్తాను, నా అభిప్రాయమూ దాచుకోకుండా చెప్తాను. అయితే నా కొలబద్ద ఒక్కటే: తెర వైపు చూడకుండా వింటే ఆ సినిమా ఎంత మిగులుతుంది? అదేం కొలబద్ద అని నవ్వేవాళ్ళు ఉంటారు కాబట్టి, అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

మన పెద్దలు నిజాం ఏలుబడిలో ఉన్న తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనితనం వెంటబెట్టుకుని వచ్చారు. 1870లలో ఇక్కడ నూలు మిల్లు మొదలయ్యాక ఆ రాక ఇంకా పెరిగింది. మగవాళ్ళు మగ్గాలకూ మిల్లులకూ పోతే, తరవాతి కాలంలో ఆడవాళ్ళకు బీడీ పని దొరికింది. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ. బళ్ళో ఎక్కువమందికి మరాఠీయే. కొన్ని తరాలు గడిచేసరికి తెలుగు మాట్లాడటం వచ్చి, చదవటం రానివాళ్ళే మనలో ఎక్కువయ్యారు. అంటే మనకు తెలుగు చెవి భాష అయింది. గుళ్ళో భజన, పెళ్ళిలో పాట, ముసలమ్మ సామెత, వీటితోపాటు సినిమా. హాలులో తెలుగు సినిమా ఆడితే పండగే. కానీ అది వారానికో నెలకో ఒకసారి. తెలుగు ఇంట్లోకి నడిచొచ్చింది వీడియోతోనే.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. ఆ ఏడే దూరదర్శన్ రంగులకు మారింది. రంగుల టీవీలూ, విదేశాల నుంచి వీసీఆర్లూ దేశంలోకి వచ్చిపడ్డాయి. కొనగలిగినవాళ్ళు కొద్దిమందే. మిగతా అందరికీ అద్దె షాపే దిక్కు. టీవీ, వీసీఆర్, మూడు నాలుగు క్యాసెట్లు, ఒక రాత్రికి ఇంత అని. పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి కాబట్టి తెల్లవార్లూ వరసగా వేసేవాళ్ళు. మూడు గంటల క్యాసెట్లో మన సినిమా ఒకటి సరిగ్గా పట్టేది. పైరసీ ఎంతగా పెరిగిందంటే 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించి వీడియోల సంగతి అందులో చేర్చాల్సి వచ్చింది. కాపీకి కాపీ, దానికి మళ్ళీ కాపీ తీసేసరికి బొమ్మంతా నీళ్ళలో తడిసినట్టుండేది. మాట మాత్రం అర్థమయ్యేది. చెవితో చూడటం మనకు అలవాటు కావడానికి బీడీ ఒక కారణమైతే, ఆ అరిగిన క్యాసెట్టు రెండో కారణం.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. కేబుల్ తీగతో రోజంతా తెలుగు. తరవాత వీసీడీలు. ఒక్కో డిస్కులో పట్టేది 74 నిమిషాలే కాబట్టి సినిమాను రెండు మూడు ముక్కలు చేసేవాళ్ళు. హీరో మాట సగంలో ఉండగా డిస్కు అయిపోయేది, పిల్లల్లో ఒకడు లేచి మార్చేవాడు. 2007లో మోజర్ బేర్ అనే కంపెనీ వీసీడీ 28 రూపాయలకూ, డీవీడీ 34 రూపాయలకూ అమ్మడం మొదలుపెట్టాక దొంగ డిస్కుకూ అసలు డిస్కుకూ ధరలో తేడా దాదాపు పోయింది. పేదింట్లోకి కూడా అసలు డిస్కు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ రోజులూ ఎక్కువ కాలం లేవు. 2016లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో మన దేశానికి వచ్చాయి, డేటా చవకయింది. 2018లో మోజర్ బేర్ దివాలా తీసింది.

ఈ చరిత్రలో ఎవరూ పెద్దగా చెప్పుకోని సంగతి ఒకటుంది. క్యాసెట్టుకు ఒకే భాష. తెలుగు క్యాసెట్టు తెచ్చుకుంటే తెలుగే వినాలి, వేరే దారి లేదు. ఇప్పుడు అదే సినిమాను మీట నొక్కి హిందీలోకి మార్చుకోవచ్చు. పిల్లలు మారుస్తున్నారు కూడా. క్యాసెట్టు బలవంతంగానైనా నేర్పిన భాషను ఈ మీట చడీచప్పుడు లేకుండా తీసేస్తోంది. కింద రాసిన అభిప్రాయాలన్నీ ఈ భయంతో రాసినవే.

మాయాబజార్ (1957, రంగుల్లో 2010). పాత సినిమాయే, కానీ రంగులద్దిన కాపీ మన ఇళ్ళకు కొత్తగా వచ్చింది కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. రంగులు వేశారు, తెరను సినిమాస్కోపు వెడల్పుకు మార్చారు, శబ్దాన్ని డీటీఎస్ చేశారు. నాకైతే రంగులు అనవసరం. నలుపు తెలుపులో మార్కస్ బార్‌ట్లే వేసిన వెన్నెల రంగుల్లో వెలిసిపోయింది. శబ్దం శుభ్రం చేసినందుకు మాత్రం దండం పెట్టాలి. ఈ సినిమా బలమంతా పింగళి నాగేంద్రరావు మాటల్లో ఉంది. తసమదీయులు అనే మాట ఏ నిఘంటువులోనూ లేకపోయినా తెలుగు చదవడం రాని పిల్లవాడికి కూడా అర్థమైపోతుంది. మాటలు పుట్టించే భాష బతికున్న భాష అని అంతకంటే తేలిగ్గా చెప్పే పాఠం లేదు. పాత కాపీ దొరికితే అది చూడండి, కొత్త కాపీ దొరికితే అది వినండి.

మహానటి (2018). నాగ్ అశ్విన్ తీసిన సావిత్రి కథ. కీర్తి సురేశ్‌కు జాతీయ అవార్డు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. మాయాబజార్ చూసిన మర్నాడు దీన్ని చూడండి. శశిరేఖ వేషంలో సావిత్రి వేసిన అల్లరి అడుగులను కీర్తి మళ్ళీ వేసి చూపిస్తుంది. కథను ఒక విలేకరి చెప్పుకుంటూ పోతుంది కాబట్టి చెవితో పట్టుకోవడం సులువు. ఆ విలేకరికి నత్తి పెట్టడం బాగుంది, మాట బరువేమిటో ఆమెకే తెలుస్తుంది. నాకు నచ్చనిది ఏమిటంటే, పతనం మొదలయ్యాక సినిమా సావిత్రిని దేవతను చేసి, మనిషిని పక్కన పెడుతుంది. దానాలు లెక్కపెట్టి చూపించినంత ఓపికగా ఆమె తప్పుల్ని చూపించదు. అయినా తమిళనాడులోని మన సభ్యులు తప్పకుండా చూడాలి. తెలుగు సినిమాకు మద్రాసు పుట్టిల్లని పిల్లలకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

కేరాఫ్ కంచరపాలెం (2018). వెంకటేశ్ మహా తీశాడు. విశాఖలోని కంచరపాలెం జనమే చాలా వేషాలు వేశారు. ఉత్తరాంధ్ర యాస మన చెవికి మొదటి పావుగంట కొత్తగా ఉంటుంది, తరవాత తీపెక్కుతుంది. బరంపురం మిత్రులకు ఆ పావుగంట కూడా అక్కర్లేదు, వాళ్ళకు అది పక్కింటి మాట. నాలుగు ప్రేమ కథలు, నాలుగింటికీ కులమో మతమో పరువో అడ్డు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఈ జాబితాలో అన్నిటికంటే మంచి సినిమా నా లెక్కన ఇదే. ఒక్క హెచ్చరిక: చివరి పది నిమిషాలు వింటే చాలదు. చాట పక్కన పెట్టి చూడండి. ఎందుకో చెప్పను.

మల్లేశం (2019). ఇది మన సినిమా. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే ఒక్కో చీరకు చెయ్యిని కొయ్యల చుట్టూ వేల సార్లు తిప్పాలి. గంటల తరబడి సాగే పని, చేసేది ఆడవాళ్ళు. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ కొడుకు ఏళ్ళ తరబడి అవస్థపడి యంత్రం చేశాడు, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రియదర్శి మల్లేశంగా, ఝాన్సీ తల్లిగా వేశారు. మాటలు రాసింది కథారచయిత పెద్దింటి అశోక్ కుమార్, అందుకే ఒక్క మాట కూడా బయటి నుంచి తెచ్చి అతికించినట్టు ఉండదు. యంత్రం విఫలమైన ప్రతిసారీ సినిమా కూడా నెమ్మదిస్తుంది. అది దీని లోపం. కానీ ఇంట్లో చూసేవాళ్ళకు అది పెద్ద కష్టం కాదు. మగ్గం పని తెలిసినవాళ్ళకు అసలే కాదు. ఆసు పోసే చెయ్యినీ బీడీ చుట్టే చెయ్యినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ భుజం నొప్పి ఎవరిదో మనకు ఒకరు చెప్పాలా? బీడీ చుట్టే తల్లి కోసం యంత్రం చేసిన కొడుకు కథను ఇంకా ఎవరూ తీయలేదు.

బలగం (2023). వేణు యెల్దండి తీసిన మొదటి సినిమా. ఇంటి పెద్ద కొమురయ్య పోతాడు. పెట్టిన ముద్దను కాకి ముట్టదు. మూడో రోజు ముట్టదు, ఐదో రోజూ ముట్టదు. ఎందుకు ముట్టదో తెలుసుకునే లోపు ఆ ఇంటి పాత పగలన్నీ బయటికి వస్తాయి. విందులో నల్లి బొక్క పడలేదని బావ అలిగిపోవడం చూసి నవ్వినవాళ్ళంతా ఆ తరవాత తమ ఇంటి సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపేసి ఉంటారు. మొదటి సగంలో మనవడి అప్పుల హాస్యం కొంచెం సాగింది. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట ఎత్తుకోగానే ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారనీ, మాటలు లేని అన్నదమ్ములు కలిశారనీ వార్తలు వచ్చాయి. థియేటర్లలో వచ్చిన మూడు వారాలకే ప్రైములో పెట్టారు కాబట్టి మన దాకా కూడా వెంటనే వచ్చింది.

ఇక్కడ ఒక మాట. దశాబ్దాల పాటు మన ఇళ్ళలో క్యాసెట్టు మాట్లాడిన తెలుగు కోస్తా తెలుగు. తెలంగాణ మాట వినబడితే అది రౌడీ నోటనో, నవ్వించేవాడి నోటనో. టీవీలో వినేదే మంచి తెలుగు, మనం మాట్లాడేది చెడిపోయిన తెలుగు అని మన పిల్లలు నమ్మారు. పెద్దవాళ్ళు కొందరు వాళ్ళను దిద్దలేదు సరికదా, తామే సిగ్గుపడి మరాఠీలోకి జరిగారు. మల్లేశం, బలగం చేసిన మేలు కథల కంటే పెద్దది. వందేళ్ళ కింద మన పెద్దలు మూటగట్టుకుని తెచ్చిన మాటలనే అందులో అందగాడూ తల్లీ మేనత్తా మాట్లాడుతున్నారు. అవమానం లేకుండా, నవ్వులాట లేకుండా.

ఆర్ఆర్ఆర్ (2022). దీన్ని చివరికి ఉంచింది ఇందుకే. చరిత్రగా చూస్తే ఇది కట్టుకథ. అల్లూరి సీతారామరాజు 1924లో, కొమురం భీం 1940లో అమరులయ్యారు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఆ స్వేచ్ఛ తీసుకున్నానని రాజమౌళి ముందే చెప్పాడు కాబట్టి దాంతో నాకు పేచీ లేదు. పేచీ వేరే చోట ఉంది. ఇంటి తెరకు వచ్చేసరికి తెలుగు ఒక యాప్‌కూ, హిందీ ఇంకో యాప్‌కూ పోయాయి. నెట్‌ఫ్లిక్సులో పెట్టింది హిందీ. ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని చూసింది ఎక్కువగా దాన్నే. 2023 మార్చిలో కీరవాణి స్వరపరచి చంద్రబోస్ రాసిన తెలుగు పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పాటను నెట్‌ఫ్లిక్సులో వెతికి పెట్టుకున్నవాళ్ళకు వినబడింది మాత్రం హిందీ మాటలు. తెలుగు పాట గెలిచింది, తెలుగు మాట పక్కకు జరిగింది. మన ఇళ్ళలో కూడా చాలాచోట్ల హిందీలోనే చూశారని నాకు తెలుసు. భీమ్ మాటలోని తెలంగాణ యాస ఆ హిందీలో ఏమైందో అడగండి. సినిమా గొప్ప ఆర్భాటం, మంచి కాలక్షేపం. ఒక్క పని చేయండి, తెలుగులో చూడండి.

ఉపశీర్షికలు ఉన్నాయి కదా, భాష ఏదైతే ఏమిటి అనేవాళ్ళకు నా జవాబు ఒకటే. ఉపశీర్షిక చదవాలంటే చూపు తెర మీద ఉండాలి, అక్షరం వచ్చి ఉండాలి. మన ఆడవాళ్ళకు పని మధ్యలో ఆ చూపు ఖాళీ లేదు. మన పిల్లలకు ఆ అక్షరం లేదు. చెవి ఒక్కటే ఇద్దరికీ ఉంది. హిందీకి మార్చిన మరుక్షణం నానమ్మ సినిమా నుంచి బయటికి వెళ్ళిపోతుంది, పిల్లవాడు తెలుగు నుంచి బయటికి వెళ్ళిపోతాడు. ఒకే గదిలో కూర్చుని ఉన్నా సరే.

కాబట్టి సంఘం తరఫున నాదొక ప్రతిపాదన. అక్షరం నేర్పే తరగతులు నడపాల్సిందే, అందులో రాజీ లేదు. అవి నడిచే లోపు మాత్రం చెవిని పోగొట్టుకోవద్దు. ప్రతి ఇంట్లో యాప్ తెరిచి మొదటి భాషను తెలుగుకు పెట్టండి, ఒక్కసారి పెడితే చాలు. నెలకొక ఆదివారం మన హాలులో ఒక సినిమా వేద్దాం, అనుమతి తీసుకునే వేద్దాం. బలగంతో మొదలుపెడదామని నా ఓటు. కంచరపాలెంతో అనేవాళ్ళుంటే వాదనకు సిద్ధం. హోసూరు, బరంపురం, యానాం మిత్రులు తమ ఇళ్ళలో టీవీ ఏ భాష మాట్లాడుతోందో కొంచెం గమనించి చెప్పండి. మన లెక్క మనమే తీసుకోవాలి, మన కోసం ఇంకెవరూ తీయరు.