పాట మనది, పట్టా ఎవరిది?

మన పాట, మన చరిత్ర – 11వ భాగం



"అన్నా, ఈ మధ్య ఏ ఆల్బమ్‌లు వింటున్నవ్?" అని రాంగోపాల్‌పేట్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న తమ్ముళ్లు అడిగారు. నాలుగు పేర్లు రాసి పంపిస్తే సరిపోయేది. కానీ ఆ పేట పేరే నన్ను ఆపింది. సేఠ్ రాంగోపాల్ పేరు మీద వెలిసిన పేట అది. జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ భవనం కట్టించింది కూడా ఆయనే. డబ్బు పెట్టినాయన పేరు వందేళ్లు దాటినా అందరి నోళ్లలో ఉంది. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరికి తెలుసు? పాట విషయంలోనూ ఇదే జరిగింది. దున్నేది ఒకరు, పాస్‌బుక్కులో పేరు ఇంకొకరిది. అందుకే ఈ మధ్య ఏ ఆల్బమ్ విన్నా ముందు అట్ట మీద ఎవరి పేరుందో చూస్తున్నా.

ఈ వారం మొదట విన్నది గౌహర్ జాన్. 1902 నవంబర్‌లో గ్రామఫోన్ కంపెనీ వాళ్లు కలకత్తాలో ఆమె గొంతు రికార్డు చేశారు. పాట అయిపోగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు తనే చెప్తుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఇది ఎవరి గొంతో తెలియాలి కదా, అందుకు. కారణం అంత చిన్నదే. కానీ తవాయఫ్ అని లోకం చిన్నచూపు చూసిన మనిషి యంత్రం ముందు నిలబడి తన పట్టా తనే రాయించుకున్నట్టు నాకు వినిపిస్తుంది.

అప్పటి రికార్డు ఒక వైపుకు మూడు నిమిషాలే పట్టేది. మన జాంబపురాణమేమో చిందు, డక్కలి కళాకారులు గంటలకు గంటలు చెప్పే కథ. మూడు నిమిషాల్లో అది గణపతి ప్రార్థన దాకా కూడా రాదు. పైగా కంపెనీ చూసుకునేది కొనేవాడిని. వెలివాడలో గ్రామఫోన్ ఎవరి ఇంట్లో ఉంది?

అట్లని మనవాళ్లు ఆ రోజుల్లో మూగగా ఏం లేరు. 1906లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో పెట్టిన జగన్ మిత్ర మండలి జనంలోకి పోయింది హరికథలతో, భజనలతోనే. 1912లో అరిగె రామస్వామి సికింద్రాబాద్‌లో సునీత బాల సమాజం పెట్టి తాగుడుకు, జంతుబలికి వ్యతిరేకంగా వాడవాడలా తిరిగాడు. ఆ సంఘాల పేర్లు పుస్తకాల్లో మిగిలాయి. భజనల్లో పాడిన గొంతుల్లో ఒక్కటి కూడా నా చెవిదాకా రాలేదు.

క్యాసెట్ వచ్చాక లెక్క మారింది. అరవై నిమిషాలు, తొంభై నిమిషాలు పట్టే టేపు. స్టూడియో అక్కర్లేదు, కంపెనీ దయ అక్కర్లేదు. ఒక టేప్‌రికార్డర్‌లోంచి ఇంకో టేప్‌రికార్డర్‌లోకి ఎక్కించుకుంటే చాలు. 1972లో పుట్టిన జన నాట్యమండలి పాట ఇట్లనే ఊర్లు దాటింది. 1985 జూలైలో కారంచేడు జరిగింది. చెరువు నీళ్లు పాడుచేయొద్దని అడిగినందుకు మొదలైన గొడవ. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి నిలబడింది. మర్నాడు మాదిగవాడ మీద పడి ఆరుగురిని చంపారు. ఆ పోరాటం మీద గద్దర్ 'దళిత పులులమ్మ' కట్టాడు. ఆ ఏడాదే అజ్ఞాతంలోకి వెళ్లాడు, 1990లో గానీ బయటికి రాలేదు. ఆ అయిదేళ్లూ మనిషి కనపడలేదు, గొంతు మాత్రం వాడల్లో తిరుగుతూనే ఉంది. ఆ పాత క్యాసెట్లను ఎవరో కంప్యూటర్‌కు ఎక్కించి పెట్టారు. గరగరమనే చప్పుడుతో సహా వింటున్నా.

అయితే ఉద్యమ క్యాసెట్లలో ఒక చిక్కుంది. పాట జనానిది అన్నాం. మంచిదే. కానీ రాసినవాళ్ల పేరు కూడా అదే ఊపులో కొట్టుకుపోయింది. 'ఊరు మనదిరా' రాసింది గూడ అంజయ్య. 'బండెనక బండి కట్టి' బండి యాదగిరిది, 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడాడు. రెండూ గద్దర్ పాటలేనని ఇప్పటికీ వాదించేవాళ్లను చూస్తుంటాను. ఇందులో గద్దర్ తప్పేం లేదు, పేర్లు రాసిపెట్టుకోని అలవాటు మనది. సినిమాకు పోయినా అంతే. 'కర్మభూమిలో పూసిన ఓ పువ్వా' విని కళ్లు తుడుచుకున్నవాళ్లలో కలేకూరి ప్రసాద్ పేరు తెలిసినవాళ్లెందరు?

మూడోది చెన్నై పాట. 2018 జనవరిలో పా. రంజిత్, టెన్మా కలిసి వేదికెక్కించిన 'క్యాస్ట్‌లెస్ కలెక్టివ్'. చావు ఇళ్లల్లో పాడే ఉత్తర చెన్నై గానా పాటను గిటార్ల పక్కన సమానంగా నిలబెట్టారు. బ్యాండు పేరు అయోతీదాస్ పండితుడి మాటల్లోంచి తీసుకున్నది. అందులోంచి వచ్చిన అరివు, 2021లో 'ఎంజాయ్ ఎంజామీ' రాసి పాడాడు. అది తేయాకు తోటల్లో కూలి చేసిన తన నాయనమ్మ కథ. ప్రపంచమంతా మోగింది. ఆ ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పేరెత్తుతూ వేరేవాళ్ల ఫొటోలు వేసింది, అరివు లేడు. రంజిత్ బహిరంగంగా నిలదీశాక, జనం గొడవ చేశాక అరివుతో ఇంకో కవర్ వేశారు. చూడండి, 2021లో కూడా గొడవ చేస్తేనే పేరు!

నాలుగోది అమెరికాది. మాక్స్ రోచ్ 'వీ ఇన్‌సిస్ట్', 1960. ఆస్కార్ బ్రౌన్ జూనియర్ మాటలు, ఆబీ లింకన్ గొంతు. ఆ ఏడాది ఫిబ్రవరిలో గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు తెల్లవాళ్ల హోటల్ కౌంటర్ దగ్గర కూర్చుని లేవమన్నారు. ఆల్బమ్ అట్ట మీద కూడా కౌంటర్ దగ్గర కూర్చున్న నల్లవాళ్లే. రెండు గ్లాసుల హోటళ్లు ఎరిగిన మనకు ఆ బొమ్మకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒక చోట లింకన్ మాటలు వదిలేసి అరుస్తుంది. మొదటిసారి వినేటప్పుడు రాత్రిపూట ఇయర్‌ఫోన్స్‌తో వినకండి.

చివరిది ఆల్బమే కాదు. దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర. ఎవరెవరో ఫోన్లలో తీసిన ముక్కలు. డక్కలి బిడ్డ. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో అదే మనిషి భవన నిర్మాణం దగ్గర కూలి పని చేస్తూ వీడియోలో కనిపించాడు. సినిమా పాటలో ఆయన గొంతు కొన్ని క్షణాలే. కిన్నెర మీద ఆయన చెప్పే వీరుల కథలు మాత్రం చాలా పొడుగు. ఆ కథలు మొదటినుంచి చివరిదాకా కావాలి నాకు, ముక్కలు కాదు.

మీ ఊర్లో చిందోళ్లు, డక్కలోళ్లు, డప్పు పెద్దమనుషులు ఉంటే ఈ సెలవుల్లో రికార్డు చేయండి. ముందు అడిగి, వాళ్ల పనిరోజు కూలి వాళ్లకు ఇచ్చి చేయండి. పాటకు ముందు పేరు, ఊరు, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించండి. రీల్ కోసం ముక్కలు కోయకండి, కథ అయ్యేదాకా ఫోన్ ఆపకండి. చార్జర్ తీసుకుపోండి.

వచ్చే భాగం కుసుమ ధర్మన్న మీద.