హగరి మీదుగా మద్రాసుకు

టాటాల తొలి విమాన టపా ఏ దారిన పోయిందని అడిగితే చాలామంది కరాచీ నుంచి బొంబాయికి అని చెప్పి ఊరుకుంటారు. అది సగం దారే. 1932 అక్టోబరు 15న కరాచీలో బయలుదేరిన ఆ టపా అహ్మదాబాద్, బొంబాయి దాటి, బళ్లారిలో దిగి, అక్కడి నుంచి మద్రాసు చేరింది. అప్పటికి బళ్లారి మద్రాసు రాజధానిలో జిల్లా, మన దత్తమండలాల్లో ఒకటి. ఊరు దాటి తూర్పుకు తిరిగితే మొదట తగిలే పెద్ద గుర్తు హగరి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక మేటలతోనే కనిపించే వెడల్పాటి ఏరు, దాని మీద గుంతకల్లు వైపు సాగే రైలు వంతెన, రెండు గట్లకూ నల్లరేగడి చేలు. రేడియో లేని ఆ కాలంలో పైలట్లు రైలుపట్టాలనూ ఏళ్లనూ చూసుకుంటూ దారి పట్టేవాళ్లు. కాబట్టి మద్రాసుకు పోయే పైలట్ కంట ఈ ఏరు పడే ఉంటుంది.

విమానం నడపడం వృత్తి కాని మనుషులు ఇవాళ చిన్న విమానాల్లో ఖండాలు దాటుతున్నారు. ఆ యాత్ర పేరు చెప్పి ఆసుపత్రులకు, చదువులకు, వికలాంగులకు విరాళాలు పోగుచేస్తున్నారు. ఈ ఆచారం ఎక్కడ మొదలైందని వెనక్కి వెతుక్కుంటూ పోతే మన దేశానికి సంబంధించినంత వరకు 1930 ప్రాంతం వస్తుంది. ఆ కథలో బళ్లారికి ఉన్న చోటును మనవాళ్లే మరిచిపోయారన్నది నా బాధ.

సామాన్యుడి విమానం 1925లో పుట్టింది. ఆ ఏడాది ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ ‘మాత్’ అనే తేలికపాటి విమానం తయారుచేశాడు. రెక్కలు మడిచి కొట్టంలో పెట్టుకోవచ్చు, మోటారు కారుకు కట్టి లాక్కుపోవచ్చు. అప్పటిదాకా సైన్యానికీ సంపన్నులకూ మాత్రమే అందిన ఎగిరే విద్య ఫ్లయింగ్ క్లబ్బుల చేతికి వచ్చింది. మన దేశంలోనూ ఢిల్లీ, కరాచీ, బొంబాయి, మద్రాసుల్లో క్లబ్బులు వెలిశాయి. బొంబాయి క్లబ్బులో నేర్చుకున్న జె.ఆర్.డి. టాటాకు 1929 ఫిబ్రవరి 10న ఒకటో నంబరు లైసెన్సు వచ్చింది. ఆయన అప్పటికి పాతికేళ్లు నిండని కుర్రవాడు.

ఆ ఏడాది చివర్లోనే ఆగాఖాన్ ఒక బహుమతి ప్రకటించాడు. ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా విమానం నడిపిన మొదటి భారతీయుడికి 500 పౌన్లు. ముగ్గురు పూనుకున్నారు. మన్‌మోహన్ సింగ్ యాత్ర పూర్తిచేశాడు కానీ పెట్టిన గడువు దాటిపోయింది. ఆస్పీ ఇంజినీర్ అనే టీనేజి కుర్రవాడు ఇంగ్లండు నుంచి ఇటు వస్తున్నాడు, టాటా కరాచీ నుంచి అటు పోతున్నాడు. ఇద్దరూ ఈజిప్టులోని అబూకిర్‌లో కలిశారు. ఆస్పీ దగ్గర స్పార్క్ ప్లగ్గులు లేక విమానం నిలిచిపోయి ఉంది. టాటా తన దగ్గర అదనంగా ఉన్నవి తీసి ఇచ్చాడు. ఆస్పీ కరాచీ చేరి పందెం గెలిచాడు, టాటా కొద్ది గంటల తేడాతో ఓడిపోయాడు. ఆ ఆస్పీయే 1960లో భారత వైమానిక దళానికి అధిపతి అయ్యాడు. ధర్మం కోసం ఎగరడం అనే మాట ఇంకా ఎవరి నోటా రాని రోజులవి. అయినా ఆ ఎడారి మైదానంలో చేతులు మారిన ప్లగ్గుల దగ్గరే ఆ గుణం మొదలైందని నేను గట్టిగా నమ్ముతాను.

బళ్లారి దారిని ఊహించినవాడు నెవిల్ విన్సెంట్. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి బయటికొచ్చి, మిత్రుడితో కలిసి రెండు పాత విమానాలు పట్టుకుని ఇండియా అంతా తిరిగాడు. ఊరూరా జనాన్ని ఎక్కించుకుని గాలిలో ఒక చుట్టు తిప్పడం అప్పటి అతని బతుకుతెరువు. అలా తిరిగినవాడికి ఏ ఊళ్లో చదునైన నేల ఉందో, ఎక్కడ గాలి ఎలా వీస్తుందో తెలుస్తుంది. లండన్ నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 నుంచే కరాచీ దాకా టపా తెస్తోంది. కరాచీలో దిగిన ఉత్తరాలు దక్షిణాదికి రైల్లో రోజుల తరబడి నడిచేవి. ఆ ఉత్తరాలను చిన్న విమానంలో ముందుకు తీసుకుపోదామన్నది విన్సెంట్ ఆలోచన. టాటా దాన్ని పట్టుకుని కంపెనీ పెద్దలను ఒప్పించాడు. పెట్టుబడి 2 లక్షల రూపాయలు, విమానాలు రెండు. ప్రభుత్వం సబ్సిడీగా ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఆ రెండూ పుస్ మాత్‌లు. రెక్క పైన, కూర్చునే గది కింద, ఒకే ఇంజన్, 120 గుర్రాల బలం, గంటకు సుమారు 100 మైళ్ల నడక. పైలట్ వెనక ఇద్దరు పట్టే చోటు. అందులోనే టపా సంచులు. ఆ సంవత్సరాల్లోనే ఈ రకం విమానాలు కొన్ని గాలిలో ఉండగానే రెక్కలు విరిగి కూలాయి. కంపనం పెరిగి రెక్కను తెంపుతోందని తేల్చి, ఊతకడ్డీల దగ్గర మార్పులు చేశారు. ఇలాంటి విమానంలో ఎడారులూ కనుమలూ దాటడం ఆటవిడుపు కాదు. మొదటి రోజు టపా బరువు 25 కిలోలు. టాటా పొద్దున్నే కరాచీలో లేచి అహ్మదాబాద్‌లో దిగాడు. పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. మధ్యాహ్నం రెండు కావస్తుండగా బొంబాయిలోని జుహూ మైదానంలో దిగాడు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసు దాకా నడిపినవాడు విన్సెంట్.

బళ్లారే ఎందుకు? పటం చూస్తే తెలుస్తుంది. బొంబాయి నుంచి మద్రాసుకు గాలిదారి వెయ్యి కిలోమీటర్ల పైమాట. ఆ విమానం ట్యాంకుతో ఒక్క దూకులో అయ్యేది కాదు. నడుమ పెట్రోలు దొరికే ఊరు, కంటోన్మెంట్ ఉన్న ఊరు, తంతి ఆఫీసూ రైలూ ఉన్న ఊరు కావాలి. పైగా బళ్లారి వానచాటు ప్రాంతం. జుహూ మైదానం వానాకాలంలో బురదయ్యేది, అప్పుడు విమానాలను పూనాకు మార్చాల్సి వచ్చేది. మన వైపు వాన లేదని తిట్టుకునే నేల పైలట్‌కు పనికొచ్చింది. తొలి పూర్తి సంవత్సరంలో ఈ సర్వీసు 1,60,000 మైళ్లు ఎగిరింది, 155 మంది ప్రయాణికులను మోసింది. తర్వాత హైదరాబాద్‌కు ఆ భాగ్యం దక్కి, దారి అటు మళ్లింది. విన్సెంట్ 1942లో ఇంగ్లండు నుంచి తిరిగొస్తూ, ఎక్కిన యుద్ధ విమానంతో సహా జాడ లేకుండా పోయాడు.

కంపెనీలు పెరిగాక చిన్న విమానం మళ్లీ ఔత్సాహికుల చేతికే వచ్చింది. టాటా తొలి యాత్రను 1962లో ఒకసారి, 78వ ఏట 1982లో ఇంకోసారి లెపర్డ్ మాత్‌లో మళ్లీ చేశాడు. 1988లో వ్యాపారవేత్త విజయపత్ సింఘానియా మైక్రోలైట్‌లో ఇంగ్లండు నుంచి 23 రోజుల్లో ఇండియా చేరాడు. ఆరోహీ పండిట్ 2019లో ‘మాహీ’ అనే తేలికపాటి విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటింది. 2021 అక్టోబరు 15న భుజ్ నుంచి అహ్మదాబాద్ మీదుగా జుహూకు ఎగిరి టాటా దారిని గుర్తుచేసింది. గమనించారా, 1962, 1982, 2021 యాత్రలు మూడూ బొంబాయి దగ్గరే ఆగాయి. విన్సెంట్ నడిపిన సగం, అంటే మన సగం, వాటిలో లేదు.

ఇక ధర్మం సంగతి. ప్రైవేటు పైలట్ లైసెన్సు ఉన్నవాళ్లు డబ్బు పుచ్చుకుని ప్రయాణికులను తిప్పకూడదు. ఏ దేశంలోనైనా దాదాపు ఇదే చట్టం. ఎంత నేర్పు వచ్చినా దాన్ని అమ్ముకునే వీల్లేదు. అలాంటి నేర్పును ఉచితంగా ఇవ్వడానికి దారి వెతికినవాళ్లు అమెరికాలో 1983లో ఏంజెల్ ఫ్లైట్ పెట్టారు. సొంత విమానం ఉన్నవాళ్లు సొంత ఖర్చుతో రోగులను పెద్దాసుపత్రులకు చేరుస్తారు. అదే ఏడాది ఇంగ్లండులో, రెండు కాళ్లూ పోయాక కూడా యుద్ధ విమానాలు నడిపిన డగ్లస్ బాడర్ జ్ఞాపకార్థం, వికలాంగులకు విమానం నేర్పే స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. యాభై ఏళ్ల దరిదాపుల్లో విమానం నేర్చుకున్న సంగీతం టీచరు పాలీ వాచర్ 2001లో ఒంటరిగా ప్రపంచం చుట్టివచ్చింది ఆ స్కాలర్‌షిప్పులకు డబ్బు తేవడానికే. 2017లో అమెరికాలోని బఫెలో నగరం నుంచి ఒక ప్రవాస భారతీయుడు ఒకే ఇంజన్ విమానంలో ప్రపంచం చుట్టాడు. అంబాలాలో రోటరీ వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి కోసం. 2022 జనవరిలో జారా రూథర్‌ఫోర్డ్ అనే 19 ఏళ్ల అమ్మాయి బాలికల సాంకేతిక విద్యకు సాయం కోరుతూ ప్రపంచయాత్రలో కోయంబత్తూరులో దిగి పోయింది.

పెట్రోలుకు తగలేసే ఆ డబ్బేదో నేరుగా ఆసుపత్రికే ఇవ్వొచ్చు కదా అనేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మంచి యాత్రల్లో రెండు లెక్కలు విడివిడిగా ఉంటాయి. ఇంధనం, దిగుడు రుసుములు, బీమా, సముద్రం మీద పోతే తెప్ప, అత్యవసర సిగ్నల్ పెట్టె, ఇవన్నీ పైలట్ జేబు నుంచో స్పాన్సర్ నుంచో వస్తాయి. జనం ఇచ్చే విరాళం పైసా తగ్గకుండా ఆసుపత్రికి పోతుంది. ఇన్ని కిలోమీటర్లకు ఇంత అని దాతలు ముందే మాటిస్తారు. ఈ విడి లెక్క బయటపెట్టని యాత్రకు నేనైతే రూపాయి ఇవ్వను. బయటపెట్టినవాళ్లకు ఇస్తాను. ఎందుకంటే ఒక మనిషి ఒంటరిగా ఇంత దూరం వచ్చి మన ఊళ్లో దిగితే, చెక్కు రాసిన పెద్దమనిషి వల్ల కదలని వంద మంది ఆ రోజు కదులుతారు.

2032 అక్టోబరుకు ఆ టపాకు నూరేళ్లు. జుహూ నుంచి బళ్లారి, బళ్లారి నుంచి చెన్నై, మొత్తం దూరం సుమారు 1,040 కిలోమీటర్లు. పైలట్‌కు రెండు రోజుల పని. కిలోమీటరుకు పది రూపాయలు చొప్పున వెయ్యి మంది మాటిచ్చినా కోటి రూపాయలు దాటుతుంది. బళ్లారిలోని ప్రభుత్వ ఆసుపత్రికి ఆంధ్ర వైపు పల్లెల నుంచి కూడా రోగులు వస్తారు, ఆ డబ్బు ఎక్కడ వాడాలో వాళ్లే చెబుతారు. దిగడానికి ఇప్పుడు తోరణగల్లు దగ్గర విద్యానగర్ విమానాశ్రయం ఉంది. పిస్టన్ ఇంజన్లకు కావలసిన ఏవియేషన్ పెట్రోలు మన దేశంలో అన్నిచోట్లా దొరకదు. కనుక బంకు పెట్రోలుతో నడిచే రోటాక్స్ ఇంజన్ విమానమైతే మేలు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతికీ, చూసుకోవలసిన ఇతర అనుమతులకూ నెలలు పడతాయి. బళ్లారి, గుంతకల్లు, అనంతపురం రోటరీ, లయన్స్ క్లబ్బులవాళ్లు ఇప్పుడే ఒక కమిటీ వేసుకుని, హైదరాబాద్, బెంగళూరు ఫ్లయింగ్ క్లబ్బులకు ఉత్తరం రాస్తే సమయం సరిపోతుంది.